కాంటా డిస్క్‌ను ముట్టుకోకుండా రెండో డిస్క్‌లో లినక్స్

విండోస్ ఉన్న సిస్టమ్‌లో ఇంకో డిస్క్ బిగించి దాంట్లో లినక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్) వేసుకోవాలనుకునేవాళ్లు ఇన్‌స్టాల్ గురించే ఎక్కువ టెన్షన్ పడతారు. ఇన్‌స్టాల్ ఎంతసేపు, టీ తాగేలోపు అయిపోతుంది. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: బూట్‌లోడర్, అంటే సిస్టమ్ ఆన్ కాగానే లినక్స్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్, ఏ డిస్క్ మీదికి పోతుంది? లినక్స్ ఏ డిస్క్‌లో ఉంటే దాని బూట్‌లోడర్ కూడా ఆ డిస్క్‌లోనే ఉండాలి. రెండిట్లో ఏది పీకేసినా మిగిలింది తన మానాన తాను ఆన్ కావాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా అది ఎట్లా సాధించాలి అన్నదే.

నేనింత పట్టుబట్టడానికి నా పనే కారణం. మిర్యాలగూడ దగ్గర ఒక ధర్మకాంటాలో తూకం చిట్టీలు కొట్టి, లెక్కలు రాస్తాను. సాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలయ్యాయంటే వడ్ల ట్రాక్టర్లు, లారీలు రోడ్డు మీదిదాకా వరుస కడతాయి. బండి లోడుతో ఒకసారి కాంటా ఎక్కుతుంది. మిల్లుకు పోయి దించుకుని వచ్చి ఖాళీగా ఇంకోసారి ఎక్కుతుంది. రెండిటికీ మధ్య కొన్ని గంటలు పట్టొచ్చు, మిల్లు దగ్గర రద్దీ ఉంటే తెల్లారొచ్చు. ఆ సమయమంతా నిండు తూకం మా సిస్టమ్‌లోనే ఉంటుంది. అప్పుడు సిస్టమ్ ఆన్ కాకపోతే ఆగేది ఒక్క కంప్యూటర్ కాదు. ఖాళీ తూకం కోసం వచ్చిన ప్రతి బండీ ఆగుతుంది, రైతుకు రావాల్సిన లెక్క ఆగుతుంది.

మరి అంత కీలకమైన సిస్టమ్‌లో లినక్స్ ఎందుకంటే, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మాది ఆరో తరం ఐ3. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి కావాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. మా తూకం సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు, దాని లాక్ యూఎస్‌బీకి గుచ్చి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ బాగానే పనిచేస్తోంది కాబట్టి దాన్ని కదిలించే ఆలోచన లేదు. సేటుకు కాంటాతో పాటు తవుడు, నూకల వ్యాపారం కూడా ఉంది. జీఎస్టీ, ఈ-వే బిల్లులు, బ్యాంకు, మెయిల్ అన్నీ ఇదే సిస్టమ్‌లో చేయాలి. సెక్యూరిటీ అప్‌డేట్లు రాని విండోస్‌లో బ్యాంకు పేజీ తెరవడం నాకు ఇష్టం లేదు. అందుకే పని విడగొట్టాను. విండోస్‌కు నెట్ ఉండదు, దానికి తూకం ఒక్కటే పని. నెట్‌తో పనులన్నీ లినక్స్‌లో, బండ్లు తగ్గిన తర్వాత.

సేటు అడిగింది ఒక్కటే మాట. "కాంటా ఆగదు కదమ్మా?" ఆగకూడదు అంటే మొదటి డిస్క్ పార్టిషన్లూ దాని బూట్ ఫైళ్లూ ఎట్లా ఉన్నవి అట్లాగే ఉండాలి.

ముందుగా సిస్టమ్ ఆన్ అయినప్పుడు ఏం జరుగుతుందో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మాది యూఈఎఫ్ఐ సిస్టమ్. అంటే ఆన్ కాగానే ముందు లేచే మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్ కొత్త రకంది, పాత రకాన్ని లెగసీ బయోస్ అంటారు. మీది ఏదో తెలియాలంటే విండోస్‌లో రన్ పెట్టెలో ఎంఎస్ఇన్‌ఫో32 అని కొట్టండి. బయోస్ మోడ్ అన్న చోట యూఈఎఫ్ఐ అనో లెగసీ అనో ఉంటుంది. యూఈఎఫ్ఐలో డిస్క్ మీద ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అని ఒక చిన్న పార్టిషన్ ఉంటుంది, దాని ఫార్మాట్ ఫ్యాట్32. విండోస్ బూట్ ఫైల్ అందులో ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో, మైక్రోసాఫ్ట్ అనే ఫోల్డర్ కింద ఉంటుంది. లినక్స్ బూట్‌లోడర్ గ్రబ్ కూడా అలాంటి పార్టిషన్‌లోనే తన ఫోల్డర్ పెట్టుకుంటుంది. వీటికి తోడు మదర్‌బోర్డు చిప్‌లో ఒక జాబితా ఉంటుంది, ఎన్‌వీర్యామ్ అంటారు. అది మిల్లు గేటు దగ్గరి రిజిస్టర్ లాంటిది: ఏ బండి ముందు, ఏది తర్వాత అని రాసి ఉంటుంది, సరుకు మాత్రం బండిలో ఉంటుంది. అంటే సంగతులు రెండు. బూట్ ఫైల్ ఏ డిస్క్‌లో ఉంది అన్నది ఒకటి, బోర్డు జాబితాలో ఎవరి పేరు ముందుంది అన్నది ఇంకోటి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లనే రెండు డిస్క్‌ల సిస్టమ్‌లు గందరగోళం అవుతాయి.

ఇక లినక్స్ రకాలైన ఉబుంటు, మింట్‌లలో (నేను వేసింది మింట్) చాలాకాలంగా వాడిన ఇన్‌స్టాలర్ యుబిక్విటీకి ఒక గుణం ఉంది. బూట్‌లోడర్ ఏ డిస్క్‌లో వేయాలో అడుగుతుంది, మనం రెండోది చూపిస్తాం. యూఈఎఫ్ఐలో మాత్రం ఆ మాట వినకుండా మొదట కనబడిన ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే గ్రబ్‌ను పెట్టేస్తుంది. అది విండోస్ డిస్క్‌లోది అయి ఉంటుంది. తెర మీద ఏ హెచ్చరికా రాదు, అంతా బాగున్నట్టే నడుస్తుంది. ఎప్పుడో మొదటి డిస్క్ పాడైన రోజో, విండోస్ మళ్లీ వేసిన రోజో, లినక్స్ కూడా దాంతో పాటు కనబడకుండా పోతుంది.

దీనికి నాకు నచ్చిన మందు చాలా మామూలుది: ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి డిస్క్ కేబుల్ తీసేయడం. సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని జాగ్రత్తలు చెప్పినా, కంటికి కనబడని డిస్క్ మీద ఏ ఇన్‌స్టాలరూ రాయలేదు.

దానికన్నా ముందు విండోస్‌లో రెండు పనులు. తూకం డేటా మొత్తం పెన్‌డ్రైవ్‌కు ఒక కాపీ తీశాను. తర్వాత పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేశాను. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లినక్స్‌లోంచి ఆ డిస్క్‌లోకి రాస్తే ఫైళ్లు దెబ్బతినే అవకాశం ఉంది. తర్వాత షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, సీపీయూ పక్క రేకు తీశాను. మిల్లుల మధ్య ఉండే కాంటా గది కదా, ఊక దుమ్ము ఫ్యాన్ల నిండా ఉంది. బ్లోయర్ పెట్టి ఊది, తర్వాత కొత్త ఎస్ఎస్‌డీ బిగించాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలో కొన్న మామూలు సాటా ఎస్ఎస్‌డీ. పాత డిస్క్ సాటా కేబుల్‌ను బోర్డు వైపు నుంచి తీసి, అది ఏ పోర్టులో ఉండిందో మార్కర్‌తో కేబుల్ మీద రాసి పక్కకు పెట్టాను. మీ విండోస్ ఎం.2 స్లాట్‌లో ఉంటే ఆ ఒక్క స్క్రూ విప్పి దాన్ని తీసి పెట్టండి. కొన్ని బోర్డుల్లో బయోస్ నుంచే ఆ స్లాట్‌ను ఆపొచ్చు.

మింట్ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ మెనూకు పోతే, అదే పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనబడొచ్చు. ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదే ఎంచుకోవాలి. ఇంకోదాన్ని ఎంచుకుంటే లినక్స్ పాత లెగసీ పద్ధతిలో ఎక్కుతుంది, విండోస్ ఒక పద్ధతి, లినక్స్ ఒక పద్ధతి అయిపోతుంది. లైవ్ తెర వచ్చాక అనుమానం ఉంటే సిస్ ఫోల్డర్‌లో ఫర్మ్‌వేర్ లోపల ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. ఉంటే యూఈఎఫ్ఐలో ఉన్నట్టే.

ఒక్క డిస్కే తగిలించి ఉంది కాబట్టి "డిస్క్ మొత్తం చెరిపి మింట్ వేయి" అన్న ఆప్షన్‌నే నిశ్చింతగా నొక్కొచ్చు. రెండు డిస్క్‌లూ ఉన్నప్పుడు చెయ్యి వణికే బటన్ అది. ఈఎఫ్ఐ పార్టిషన్, దాని పక్కన లినక్స్ పార్టిషన్, రెండూ అదే చేసుకుంటుంది. అయిపోయాక ఒకసారి లినక్స్‌లోకి వెళ్లి, షట్‌డౌన్ చేసి, మార్కర్ గుర్తు చూసి పాత డిస్క్ కేబుల్‌ను దాని పోర్టులోనే తగిలించాను.

ఇప్పుడు అసలు పరీక్ష. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్ అని కొడితే డిస్క్‌లు, పార్టిషన్లు, వాటి యూయూఐడీలు (ఒక్కో పార్టిషన్‌కు ఉండే ప్రత్యేక నంబర్లు) వస్తాయి. డిస్క్‌లకు లినక్స్ పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లను నమ్ముకోవద్దు. డిస్క్ తగిలించిన పోర్టును బట్టి, ఏది ముందు లేచిందన్న దాన్ని బట్టి అవి తారుమారు అవుతాయి. నిన్నటి ఎస్‌డీబీ ఇవాళ ఎస్‌డీఏ కావచ్చు. యూయూఐడీ మాత్రం ఫార్మాట్ చేసేదాకా మారదు. అందుకే గ్రబ్ తన మెనూలో లినక్స్ పార్టిషన్‌ను యూయూఐడీతో వెతుక్కుంటుంది, ఈటీసీలో ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్ కూడా దాన్నే వాడుతుంది. ఈ ఎఫ్‌స్టాబ్‌లో బూట్ లోపలి ఈఎఫ్ఐ అన్న వరుసలో ఉన్న నంబర్, రెండో డిస్క్ ఈఎఫ్ఐ పార్టిషన్ నంబర్ ఒకటేనా అన్నది చూసుకోండి. ఒకటే అయితే గ్రబ్ తన ఇంట్లోనే ఉన్నట్టు.

తర్వాత సుడో ఈఎఫ్ఐబూట్ఎంజీఆర్ హైఫన్ వీ అని కొట్టాలి (సుడో అంటే అడ్మిన్ హక్కుతో నడపమని). బోర్డు జాబితా మొత్తం కనబడుతుంది. ఒక్కో పేరు పక్కన నాలుగు అంకెల నంబర్, అది ఏ పార్టిషన్‌లో ఏ ఫైల్‌ను పిలుస్తుందో ఆ దారి. మింట్ వేసినా జాబితాలో పేరు ఉబుంటు అని ఉంటుంది, కంగారు పడొద్దు. మింట్ ఉబుంటు మీద కట్టినది, బూట్ ఫోల్డర్‌కు ఆ పేరే వాడుతుంది. దాని దారిలో షిమ్ అనే ఫైల్ కనబడుతుంది. సంతకం లేని బూట్ ఫైళ్లను ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా బోర్డు ఒప్పుకునేలా మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న ఫైల్ అది. అది ముందు లేచి గ్రబ్‌ను లేపుతుంది. కాబట్టి సెక్యూర్ బూట్ తీసేయాల్సిన అవసరం మామూలుగా రాదు.

కొత్తగా వేసిన లినక్స్ ఆ జాబితాలో తన పేరు మొదట రాసుకుంటుంది. చాలామంది అట్లాగే ఉంచుకుని, గ్రబ్ మెనూలో విండోస్‌ను కూడా చేర్చుకుంటారు. ఇంటి సిస్టమ్‌కు అది మంచి పద్ధతే. కాంటా గదికి కాదు. రాత్రి కాంటా మీద ఉండే కుర్రాడు ముందే చెప్పాడు. "అక్కా, కరెంటు పోయి వొస్తే దానంతట అదే తూకం కాడికి రావాలె. నన్నేం నొక్కమనకు." ఆ మాట న్యాయమైనది. యూపీఎస్ కొంతసేపే నిలబెడుతుంది, కోతల సమయంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. గ్రబ్‌లో డిఫాల్ట్‌గా విండోస్ పెట్టినా, ఆ మెనూ రావాలంటే ముందు రెండో డిస్క్ లేవాలి. అది ఏదో ఒక రోజు లేవకపోతే? బోర్డు తర్వాతి పేరుకు పోవచ్చు, కొన్ని బోర్డులు ఎర్రర్ చూపించి ఏదైనా మీట నొక్కమని అక్కడే నిలబడతాయి. తూకం పని లినక్స్ డిస్క్ మీద ఆధారపడకూడదు.

అందుకే బయోస్ సెటప్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదట పెట్టాను, ఉబుంటును రెండోది చేశాను. అక్కడే రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అన్నదాన్ని పవర్ ఆన్ చేశాను, కరెంటు రాగానే సిస్టమ్ దానంతట అదే లేస్తుంది. ఎవరూ ఏమీ నొక్కకపోతే ఎప్పటిలాగే విండోస్, ఎప్పటిలాగే తూకం తెర.

మరి లినక్స్‌లోకి పోయేదెట్లా? దారులు రెండు. ఆన్ అవుతున్నప్పుడు బూట్ మెనూ మీట నొక్కి ఉబుంటు ఎంచుకోవడం ఒకటి. డెల్, లెనోవోల్లో ఆ మీట ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఏసస్ బోర్డుల్లో ఎఫ్8. రెండోది నాకు ఎక్కువ ఇష్టం. విండోస్‌లో షిఫ్ట్ మీట పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే నీలం తెర వస్తుంది. అందులో "యూజ్ ఎ డివైస్" నొక్కితే బోర్డు జాబితాలోని పేర్లు కనబడతాయి, ఉబుంటు అక్కడే ఉంటుంది. మీట సమయానికి తగిలిందా లేదా అన్న హైరానా ఉండదు. ఇది ఆ ఒక్కసారికే. తర్వాత రీస్టార్ట్ చేస్తే మళ్లీ విండోసే వస్తుంది, వరుస మారదు. లినక్స్‌లోనే ఉండి మళ్లీ లినక్స్‌కే రీస్టార్ట్ కావాలంటే సుడో ఈఎఫ్ఐబూట్ఎంజీఆర్ హైఫన్ ఎన్, పక్కన ఉబుంటు నాలుగంకెల నంబర్. అదీ ఒక్కసారికే. హైఫన్ ఓ అయితే వరుసే మారిపోతుంది, అది చూసుకుని వాడాలి.

అన్నీ అయ్యాక ఇంకోసారి సీపీయూ విప్పాను. రెండో డిస్క్ కేబుల్ తీసి ఆన్ చేస్తే విండోస్ వచ్చింది, తూకం తెర వచ్చింది. అది తగిలించి మొదటిదాని కేబుల్ తీస్తే లినక్స్ వచ్చింది. ఈ పరీక్ష చేయకుండా రేకు బిగించొద్దని గట్టిగా చెప్తాను. సేటును పక్కన నిలబెట్టి చూపించాను, ఆయన ముఖంలో అనుమానం పోయింది.

గ్రబ్ సెట్టింగ్స్‌లో నేను మార్చినవి కొన్నే. ఈటీసీలో డిఫాల్ట్ ఫోల్డర్‌లో గ్రబ్ అనే ఫైల్ ఉంటుంది. ఒక్క లినక్సే ఉందనుకుంటే ఉబుంటులో గ్రబ్ మెనూ దాగి ఉంటుంది. నేను టైమౌట్ స్టైల్‌ను మెనూ అని, టైమౌట్‌ను 5 అని పెట్టాను. కొత్త కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) అప్‌డేట్ వచ్చి ఏదైనా తేడా చేస్తే, ఆ అయిదు సెకన్లలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి పోయి పాత కెర్నల్‌తో లేపొచ్చు. ఏం మార్చినా తర్వాత సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టాలి, లేకపోతే మార్పు మెనూలోకి ఎక్కదు.

గ్రబ్ మెనూలో విండోస్ కూడా కావాలనుకునేవాళ్లకు ఒక మాట. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి వేరే ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ డిఫాల్ట్‌గా ఆపి ఉంటుంది. అప్‌డేట్-గ్రబ్ కొట్టినప్పుడు అది నడవదు అని హెచ్చరిక వస్తుంది, చాలామంది చదవకుండా వదిలేసి విండోస్ కనబడలేదని కంగారు పడతారు. అదే ఫైల్‌లో గ్రబ్ డిసేబుల్ ఓఎస్ ప్రోబర్ అన్న వరుసను ఫాల్స్ చేస్తే విండోస్ దొరుకుతుంది. కానీ బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉన్న ల్యాప్‌టాప్‌లలో గ్రబ్ మీదుగా విండోస్‌లోకి పోతే రికవరీ కీ అడగొచ్చు, ఎందుకంటే బూట్ అయిన దారి మారిందని టీపీఎం గమనిస్తుంది. అలాంటి వాటిలో బోర్డు మెనూ నుంచి విండోస్‌కు పోవడమే మేలు. రికవరీ కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకోవడం ఇంకా మేలు.

కాంటా గదిలో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది గడియారం. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది మన టైమే అని విండోస్ అనుకుంటుంది. లినక్స్ అందులో యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్) పెడుతుంది. మనకూ యూటీసీకీ తేడా అయిదున్నర గంటలు. లినక్స్ నెట్ నుంచి సరైన టైమ్ తీసుకుని బోర్డులో యూటీసీ రాసి పెట్టిందంటే, తర్వాత విండోస్ లేచి దాన్నే మన టైమ్ అనుకుంటుంది. పొద్దున ఎనిమిదింటికి తూగిన బండికి చిట్టీ మీద రాత్రి రెండున్నర అని పడుతుంది. నెట్ ఉన్న విండోస్ కాసేపటికి సర్దుకుంటుంది, మాది నెట్ లేనిది కాబట్టి సర్దుకోదు. తూకం చిట్టీ మీద టైమ్ అంటే చిన్న విషయం కాదు. ఏ లోడు ఎప్పుడు దిగింది, తేమ ఎంత ఉన్నప్పుడు తూగింది అన్న తగువులన్నీ ఆ టైమ్ చూపించే తీర్చాలి. అందుకని మొదటిసారి లినక్స్‌కు నెట్ ఇచ్చే ముందే టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని కొట్టాను. అప్పటి నుంచి లినక్స్ కూడా బోర్డులో మన టైమే ఉంచుతుంది. విండోస్ రిజిస్ట్రీలో రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అని పెట్టి ఇంకో వైపు నుంచి కూడా సర్దొచ్చు, లినక్స్ వాళ్లు ఎక్కువగా అదే చెప్తారు. కానీ తూకం సాఫ్ట్‌వేర్ వాళ్లు రేపెప్పుడైనా విండోస్ మళ్లీ వేస్తే ఆ మార్పు పోతుంది, అప్పుడు ఎవరికీ గుర్తుండదు. పైగా మన దేశంలో వేసవికి గడియారం ముందుకు తిప్పే పద్ధతి లేదు కాబట్టి లోకల్ టైమ్ ఉంచుకోవడంలో పెద్ద చిక్కు లేదు.

లినక్స్‌లోంచి తూకం డిస్క్‌ను మామూలుగా తెరవను. వారం లెక్కలకు డేటా కాపీ కావాల్సినప్పుడు మాత్రం రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి తీసుకుంటాను. మింట్ కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ చేర్చుకుంటే లిబ్రేఆఫీస్‌లో ఊర్ల పేర్లు, రైతుల పేర్లు తెలుగులోనే రాసుకోవచ్చు. ఇది నాకు చాలా సంతోషం ఇచ్చిన విషయం.

పాత లెగసీ బయోస్ సిస్టమ్‌ల సంగతి వేరు. నల్గొండలో మా తమ్ముడి ఇంట్లో అలాంటిదే ఒకటి ఉంది, విండోస్ 7 కాలం నాటిది. దాంట్లో రెండో డిస్క్ పెట్టించి లినక్స్ వేయించారు. ఒక రోజు ఆ డిస్క్‌ను వేరే పనికి తీసి పెట్టి సిస్టమ్ ఆన్ చేస్తే నల్ల తెర, "నో సచ్ డివైస్" అని ఒక వరుస, దాని కింద గ్రబ్ రెస్క్యూ. మేనల్లుడు ఫోన్ చేశాడు. "అత్తా, విండోస్ పోయిందా? నా ప్రాజెక్టంతా దాంట్లనే ఉంది."

"పోలేదురా, దాని కాడికి పోయే తోవ పోయింది. ఏం ఫార్మాట్ చేయనీయకు."

జరిగింది ఇది. లెగసీలో బయోస్ డిస్క్‌లోని మొట్టమొదటి 512 బైట్లను చదువుతుంది, దాన్ని ఎంబీఆర్ అంటారు. అందులో 446 బైట్లు బూట్ కోడ్‌కు, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల పట్టికకు, చివరి రెండు గుర్తుకు. 446 బైట్లలో గ్రబ్ మొత్తం పట్టదు. మొదటి ముక్క అందులో, రెండో ముక్క ఎంబీఆర్‌కూ మొదటి పార్టిషన్‌కూ మధ్య ఉన్న ఖాళీలో, మిగతాదంతా లినక్స్ పార్టిషన్‌లో బూట్ ఫోల్డర్ కింద ఉన్న గ్రబ్ ఫోల్డర్‌లో ఉంటుంది. లినక్స్ వేసినవాళ్లు మొదటి రెండు ముక్కలనూ విండోస్ డిస్క్ మీద రాశారు. మూడోది రెండో డిస్క్‌లో ఉంది. ఆ డిస్క్ తీయగానే గ్రబ్ తన మిగతా భాగం దొరక్క రెస్క్యూలో నిలబడింది. విండోస్‌కు ఏమీ కాలేదు, దాన్ని పిలిచేవాళ్లే లేరు.

తీసిన డిస్క్‌ను మళ్లీ తగిలించమన్నాను. ఎప్పటిలాగే మెనూ వచ్చింది. తర్వాత నేను వెళ్లినప్పుడు సరిచేశాం. లినక్స్‌లోకి పోయి సుడో గ్రబ్-ఇన్‌స్టాల్, పక్కన రెండో డిస్క్ పేరు. పార్టిషన్ నంబర్ లేకుండా డిస్క్ పేరే ఇవ్వాలి, సైజూ మోడలూ చూసి అదేనని నిర్ధారించుకున్నాకే. బయోస్‌లో హార్డ్ డిస్క్ వరుసలో రెండో డిస్క్‌ను ముందుకు తెచ్చాం. ఆ తర్వాత విండోస్ 7 డీవీడీతో లేపి, రిపేర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, బూట్‌రెక్ స్లాష్ ఫిక్స్ఎంబీఆర్ కొట్టి మొదటి డిస్క్ ఎంబీఆర్‌ను మళ్లీ విండోస్‌ది చేశాం. డీవీడీతో లేపినప్పుడు రెండో డిస్క్ కేబుల్ తీసి ఉంచాం, ఆ కమాండ్ ఏ డిస్క్ మీద రాస్తుందో అన్న సందేహమే లేకుండా.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది. డెబియన్, ఉబుంటుల్లో గ్రబ్-పీసీ ప్యాకేజీ తాను ఏ డిస్క్ మీద బూట్‌లోడర్ రాయాలో గుర్తు పెట్టుకుంటుంది. గ్రబ్‌కు అప్‌డేట్ వచ్చిన రోజు పాత గుర్తు ప్రకారం విండోస్ డిస్క్ మీద మళ్లీ రాసేస్తుంది. సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ కొడితే డిస్క్‌ల జాబితా అడుగుతుంది. అందులో మొదటి డిస్క్ టిక్ తీసేసి రెండోదానికి మాత్రమే పెట్టాలి. అక్కడి విండోస్ మెనూలో కావాలి కాబట్టి ఓఎస్-ప్రోబర్ ఆన్ చేశాం. గ్రబ్ డిఫాల్ట్‌ను సేవ్డ్ అని, గ్రబ్ సేవ్‌డిఫాల్ట్‌ను ట్రూ అని పెట్టాం. క్రితంసారి ఎంచుకున్నదే ఈసారి ముందుంటుంది, పిల్లవాడికి అది అనుకూలం.

రెస్క్యూ తెర మీకు ఎప్పుడైనా కనబడి, రెండు డిస్క్‌లూ తగిలించే ఉంటే, పెన్‌డ్రైవ్ లేకుండా కూడా చాలాసార్లు బయటపడొచ్చు. ఎల్‌ఎస్ కొడితే గ్రబ్‌కు కనబడే డిస్క్‌లు వస్తాయి. గ్రబ్ డిస్క్‌లను సున్నా నుంచి, పార్టిషన్లను ఒకటి నుంచి లెక్కపెడుతుంది. హెచ్‌డీ1, జీపీటీ2 అంటే రెండో డిస్క్‌లో రెండో పార్టిషన్. కాకపోతే బయోస్‌లో వరుస మారిస్తే హెచ్‌డీ0, హెచ్‌డీ1 కూడా తారుమారవుతాయి, అందుకే ఒక్కొక్క పార్టిషన్‌నూ ఎల్‌ఎస్‌తో తెరిచి బూట్ ఫోల్డర్ ఎక్కడుందో చూడాలి. దొరికాక సెట్ రూట్‌లో ఆ పార్టిషన్‌ను, సెట్ ప్రిఫిక్స్‌లో ఆ పార్టిషన్‌లోని బూట్ లోపలి గ్రబ్ ఫోల్డర్‌ను చూపించి, ఇన్‌స్‌మాడ్ నార్మల్, ఆ తర్వాత నార్మల్. మెనూ వస్తుంది. లోపలికి పోయాక గ్రబ్-ఇన్‌స్టాల్ మళ్లీ చేయాలి, లేకపోతే రేపు మళ్లీ ఇదే తెర.

యూఈఎఫ్ఐ వాళ్లకు రెస్క్యూ తెర తక్కువే, వాళ్ల ఇబ్బంది ఇంకోటి. బయోస్ అప్‌డేట్ చేసినా, సెట్టింగ్స్ రీసెట్ అయినా కొన్ని బోర్డులు జాబితాలో ఉబుంటు పేరును పోగొట్టుకుంటాయి. విండోస్ ఫైల్ దారి బోర్డులకు తెలుసు కాబట్టి దాని పేరు తిరిగి వస్తుంది, లినక్స్‌ది రాకపోవచ్చు. దీనికి ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. ఏ పేరూ రాసి లేకపోయినా ప్రతి యూఈఎఫ్ఐ బోర్డూ వెతికే ఒక దారి ఉంది: ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో బూట్ ఫోల్డర్, అందులో బూట్ఎక్స్64 అనే ఫైల్. సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ రెండు హైఫన్లు రిమూవబుల్ అని కొడితే గ్రబ్ ఆ దారిలో కూడా కూర్చుంటుంది. రెండో డిస్క్‌కు సొంత ఈఎఫ్ఐ పార్టిషన్ ఉంటేనే ఇది చేయండి, ముందు బూట్ లోపలి ఈఎఫ్ఐకి మౌంట్ అయింది ఆ పార్టిషనేనా అని ఎల్‌ఎస్‌బీఎల్‌కేతో చూసుకోండి. అప్పుడు జాబితా పూర్తిగా చెరిగిపోయినా బూట్ మెనూలో ఆ ఎస్ఎస్‌డీ పేరు మీద నొక్కితే లినక్స్ లేస్తుంది, ఇంకో బోర్డుకు తీసుకుపోయి తగిలించినా లేస్తుంది.